జ్ఞానయ్య మాస్టారి అబ్రాహాము నాటకం

ఎలిజబెత్ టీచరు స్కూటీ దిగి బల్ల మీద కూర్చోగానే జ్ఞానయ్య మాస్టారు గొంతు సవరించుకున్నారు. గుండుగొలను హైవే పక్కన వెంకట్రాజు టీకొట్టు అది. చర్చి యూత్ నాటకానికి ఈ ఏడు డైరెక్టరెవరో తేల్చేది టీచరే, తేల్చేది ఇవాళే. రిటైరయ్యాక మాస్టారికి మిగిలిన పెద్దరికం ఆ నాటకం ఒక్కటే. అదీ పోతే ఊళ్లో ఆయన్ని పలకరించేవాళ్లుండరని ఆయన భయం. అంచేత కాస్త గట్టిగానే మొదలెట్టారు.

"పోయినేడు నేను చేసింది పెద్ద పనేం కాదండీ వెంకట్రాజు గారూ. మన క్రైస్తవుల పిల్లల్ని, ముస్లింల పిల్లల్ని, గుంటూరు వైపు నుంచి చేపల చెరువుల పనికొచ్చిన ఆ యూదుల కుటుంబంలో పిల్లల్ని ఒక్క స్టేజీ ఎక్కించాను, అంతే. అబ్రాహాము కథ. మూడు మతాలకీ ఆయనే పెద్ద కదండీ. తీరా దేవుడికి బలివ్వడానికి కొడుకుని కొండెక్కించే సీను దగ్గర పేచీ. ఆ కొడుకు ఇస్సాకని మనవాళ్లూ యూదులూ, కాదు ఇస్మాయిలని ముస్లింల పిల్లలూ. రిహార్సల్ ఆగిపోయింది. అప్పుడు నేనొక్క మాటన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా అండీ? అందరూ ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడుపు."

"ఏమన్నారండీ?" అన్నాడు వెంకట్రాజు, టీ వడకడుతూ.

"అక్కడికే వస్తున్నా. నాటకం రోజు జనం చర్చి ఆవరణలో పట్టక హైవే మీద కూర్చున్నారండీ. లారీలు ఆగిపోయి, ఇటు విజయవాడ, అటు రాజమండ్రి దాకా లైను. ఒక్క డ్రైవరు హారన్ కొడితే ఒట్టు, నా డైలాగు వినపడదని. మైకు లేదు సుమండీ, ఉత్త గొంతే. అది కొల్లేరు మధ్యనున్న కొల్లేటికోట దాకా వెళ్లింది. అక్కడో గూడబాతు చేపని నోట కరుచుకుని, ఈ శాంతి సమాధానాల మాటలు విని, మనసు కరిగి వదిలేసింది. చేప ఊరుకుందా? 'పరవాలేదండీ, భోంచేయండి' అంది."

"చేపేనాండీ?"

"కొల్లేటి చేప కదండీ. మర్యాద ఎక్కడికి పోతుంది?"

టీచరు టీ ఊదుకుంటూ వింటున్నారు. నవ్వలేదు, కాదనలేదు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"మర్నాడు జెరూసలేం నుంచి ఫోనండీ. మూడు మతాల పెద్దలూ ఒకే లైన్లో. 'ఇన్నేళ్లుగా కొట్టుకు చస్తున్నాం, ఆ ఒక్క మాటేదో మాకూ చెప్పండి' అని. ఫోన్లో చెప్పేది కాదండీ, గుండుగొలను రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం అన్నాను. మన వెంకట్రాజు గారి దగ్గర అంతమందికి పాలు సరిపోవేమోనని మళ్లీ నేనే వద్దన్నాను."

"అయ్యో, తెప్పించేవాణ్ణి కదండీ," అన్నాడు వెంకట్రాజు నొచ్చుకుంటూ.

టీచరు గ్లాసు కింద పెట్టారు.

"మాస్టారూ, నిన్న పిల్లలతో మాట్లాడానండీ. ఏ కొడుకన్నది ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ పేచీ రోజు మీరు లేచి మాట్లాడ్డం మొదలెట్టి ఎంతకీ ఆపకపోయేసరికి, వినలేక మూడు జట్లవాళ్లూ కలిసే బయటికి పారిపోయారట. చర్చి గోడ పక్కన కూర్చునే స్నేహితులయ్యారట. అదంతా మీ చలవేనన్నారు."

మాస్టారు బల్ల అంచుకి జరిగారు. "అయితే డైరెక్టరు..."

"ఈ ఏడూ అబ్రాహాము కథే, డైరెక్షను వాళ్లే చేసుకుంటారటండీ. మీరు లేకుండా మాత్రం వీల్లేదన్నారు. ఆ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట."

మాస్టారు నిటారుగా కూర్చున్నారు. "అబ్రాహాము వేషమాండీ?"

"కాదండీ. కొడుక్కి బదులు దేవుడు పంపే పొట్టేలు. దానికి డైలాగుల్లేవు."