దారికి అడ్డంగా చింతకొమ్మ

మన గరువు పొలాలు దాటి కొండల వైపు తిరిగే మలుపులో ఆ చింత ఉంది చూశారూ, ఏటా కొమ్మలు వంగేటట్టు కాసినా, కాసిందంతా నేల రాలిపోయేదాకా ఎవ్వరూ చెయ్యి పెట్టని గాసన్న చింత, దాని కిందనున్న అడ్డదారిన పోతే గంట కలిసొస్తుందని మీరు రేపటికి లెక్క వేసుకున్నారని విన్నాను. ఏడు కొండలు, మూడు రోజులు, పుష్యమాసపు మంచు. ఎక్కండి, ఎవరు వద్దన్నారు? ఆ నెగడు కాస్త ఎగదొయ్యి తల్లీ, కాళ్లు కొయ్యబారుతున్నాయి.

గాసన్న మా తాతలనాటి మనిషి. బావమరిదితో సంతకు బయల్దేరి, ముందు చేరితే మంచి చోటు దొరుకుతుందని అడుగు పెంచాడట. మన కొండల్లో ఒక మర్యాద ఉంది కదా, ముందు నడిచేవాడు దారి చీలిన చోట, పోకూడని దారికి అడ్డంగా పచ్చి కొమ్మ వేసి, మొదలు మీద రాయి పెట్టి పోవాలి, వెనకవాడు అది చూసి రెండో దారి పడతాడు. గాసన్న ఆ కొమ్మ వేయలేదు. బావమరిది లోయలో దొరికాడు. ఆనాటినుంచి గాసన్న ఆ చింత కిందే కూర్చుండిపోయి, అక్కడే పోయాడట, పోయినా పోలేదంటారు. మనిషి మసలని దారుల్లో పచ్చి చింతకొమ్మలు కనిపిస్తుంటే ఎవరికి భయం వేయదు?

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. పక్కూరు పనసపుట్టు కుర్రాళ్లు ముందటేడు ఈ ఏడు కొండలూ నాలుగు రోజుల్లో ఎక్కి, సంతలో మమ్మల్ని ఆపి, “మీ ఊరి మేకలు ఎక్కుతాయి గానీ మీరెక్కడ ఎక్కుతార్రా” అన్నారు. ఆ మాట మింగుడుపడక ముగ్గురం బయల్దేరాం. నేను, సన్యాసి, బొంజుబాబు. సన్యాసి పేరుకే సన్యాసి, మా సద్దిమూట సగం వాడి పొట్టలోకే పోయింది. బొంజుబాబు నెమ్మదైన మనిషి, ఎక్కిన ప్రతి కొండ మీదా గుడ్డపేలిక కట్టే పని వాడిదే. రెండు రోజుల్లో ఆరు ఎక్కేశాం. మూడోనాడు పొద్దున, ఏడోదాని మొదట్లో, చలికి వాడి మడమ పగిలి నెత్తురు కారింది. ఒక పేలిక నా చేతిలో పెట్టి, “మీరు పదండ్రా, చీలిక దగ్గర కొమ్మ వేసి పొండి, చూసుకుంటూ వస్తాను” అన్నాడు.

అంతకన్నా వాడు ఏమడిగాడు?

చీలిక వచ్చింది. ఎడమది కొండపైకి, కుడిది చూడడానికి వెడల్పుగానే ఉంటుంది గానీ ఇరవై అడుగుల్లో లోయలోకి తెగిపోతుంది. మూరెడు దూరం కనపడని మంచు. నా చేతిలో కత్తి ఉంది, పక్కనే పొద ఉంది. సన్యాసి వెనకే వస్తున్నాడు కదా, వాడు వేస్తాడులే అనుకున్నాను. తొందర కాళ్లలో పుడుతుందనుకుంటాం గానీ, ఇన్నేళ్లుగా తలపోస్తే నాకు తోచిందేమిటంటే, అది వెనక్కి తిరగడం మానేసిన మెడలో పుడుతుంది.

పైకి చేరి, పేలిక కట్టి, పనసపుట్టు దాకా వినపడాలని కేకలు పెట్టాక, సన్యాసి నన్నడిగాడు, “కొమ్మ వేశావు కదూ?” అని. నువ్వు వేయలేదా అన్నాను. ముందు నడిచింది నువ్వు కదరా అన్నాడు.

ఆ దిగడం ఎలా దిగామో చెప్పలేను. మోకాళ్లు చెక్కుకుపోయాయి. సగం దిగామో లేదో, కింద మంచులోంచి తిట్లు వినిపించాయి. ఆ తిట్లంత తీయని మాటలు మళ్లీ నా చెవిన పడలేదు. బొంజుబాబు కుంటుకుంటూ ఎక్కి వస్తున్నాడు, “కొమ్మ వేసేవాళ్లు కంటికి ఆనేలా వేయాలిరా, కుడిదారిలో నాలుగడుగులు పోయాక మోకాలికి తగిలింది. అయినా ఇంత ఎత్తున చింతకొమ్మ ఎక్కడ దొరికిందిరా మీకు?” అంటూ.

ముగ్గురం చీలిక దాకా దిగి చూశాం. పచ్చి చింతకొమ్మ, మొదలు మీద రాయి. కొండల పైన చింత మొలవదని మీకూ తెలుసు. పొద్దు బారెడెక్కినా దాని ఆకులు ముడుచుకునే ఉన్నాయి, రాత్రి నిద్రలోనే విరిచినట్టు. ఎవరైనా కనిపించారా అంటే, కనిపించలేదు. నేను మాత్రం కింద గాసన్న చింత ఉన్న వైపు తిరిగి దండం పెట్టాను. నేను చేయని పని నా బదులు చేసినవాణ్ణి దెయ్యమనడానికి నోరు రాలేదు.

ఆ తర్వాత వాణ్ణి మధ్యన పెట్టుకుని, ఏడోకొండ మళ్లీ ఎక్కాం, తన పేలిక తానే కట్టుకున్నాడు. ఊరు చేరేసరికి ఐదోరోజు. పనసపుట్టువాళ్లు ఏడాదంతా నవ్వారు, నవ్వితే ఏం పోయింది? ఇప్పుడు ఈ నెగడు ఎగదోసిన పిల్ల బొంజుబాబు మనవరాలే, రేపు మీతో ఎక్కేదీ అదే.

కనుక ఎక్కండి, కొమ్మ మాత్రం మీరే వేసుకోండి. ఆ గంట కలిసి రాకపోయినా సరే, గాసన్న చింత కిందికి మాత్రం పోకండి. ఆయనకు ఇప్పటికే చేతినిండా పని ఉంది.