మా అక్క కొడుకు కత్తెర తీసుకెళ్లిన సాయంత్రం

నన్ను అందరూ టైలరక్క అంటారు. వయసు ముప్పై ఎనిమిదేళ్లు. బస్టాండు వెనక వీధిలో బట్టలు కుడతాను. మా అక్క చనిపోయాక ఆమె కొడుకు బడి వదలగానే నా షాపుకే వస్తాడు. వాడికి పద్నాలుగేళ్లు. పని ముగించుకుని మా బావ వచ్చి తీసుకెళ్తాడు.

పోయిన వారం బడి బాత్రూంలో నలుగురు పిల్లలు వాడి బట్టలు విప్పించి ఫోన్‌లో వీడియో తీశారు. ఆ సంగతి వాడు నాకు చెప్పుకోలేదు. సోమవారం షాపులో తండ్రికి చెబుతుంటే విన్నాను. బావ వాడి చెంప పగలగొట్టాడు. "ఏడుపుగొట్టు వెధవా, మగాడివై పుట్టలేదూ? ఆ వీడియో తీసినవాడి సంగతి తేల్చేదాకా నాకు మొహం చూపించకు" అన్నాడు.

పొద్దున్నే బడికి వెళ్లి పెద్దసారుతో మాట్లాడదాం బావా అన్నాను.

"నువ్వు నీ మిషను చూసుకో" అన్నాడు.

ఈరోజు సాయంత్రం ఐదింటికి వాడొచ్చాడు. ఇచ్చిన టీ తాగలేదు. నేను ఒకావిడకి కొలతలు తీసి వెనక్కి తిరిగేసరికి లేడు. బల్ల మీద సగం కోసిన గుడ్డ ఉంది. పెద్ద కత్తెర లేదు. మెడలో టేపుతోనే, చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

బడి దారిలో వెతుక్కుంటూ పోతే నీళ్ల ట్యాంకు వెనక ఇద్దరూ కనిపించారు. వీడియో తీసిన కుర్రాణ్ణి గోడకి అదిమి, గొంతు మీద కత్తెర మొన పెట్టాడు మావాడు. చెయ్యి వణుకుతోంది. ఆ వణుకుకే ఎక్కడ దిగిపోతుందోనని నేను నాలుగడుగుల దూరంలోనే ఆగాను.

"కన్నా, ఇటివ్వరా."

"దగ్గరికి రాకు పిన్నీ. ఊరికే ఇంటికెళ్తే నాన్న చంపేస్తాడు."

"ఇంటికెళ్లొద్దులే. నా దగ్గరే ఉండు. ఇవాళ్టి నుంచి నా దగ్గరే."

వాడు నా వైపు తిరిగాడు. నేను కత్తెరని మొన దగ్గరే పట్టేసుకున్నాను. అరచెయ్యి తెగింది. వాడు నన్ను పొడవలేదు. నేనే పట్టుకున్నాను. అది సరిగ్గా రాయండి సార్, నేనే పట్టుకున్నాను.

ఆ వీడియో తీసిన పిల్లాడు నిక్కరు తడుపుకుని, "అమ్మా, అమ్మా" అంటూ కూలబడ్డాడు. వాడూ పసివాడే. ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని, దారినపోయే ఆయనచేత మీ పోలీస్ స్టేషనుకి ఫోన్ చేయించాను.

మా బావ బయట బెంచీ మీద ఉన్నాడు. మావాణ్ణి ఈ రాత్రి ఆయనతో పంపకండి. ఆ వీడియో ఇంకా ఎన్ని ఫోన్లలో ఉందో తెలియదు. రేపు బడి గంట కొట్టేలోపు తీయించండి. అది ఉన్నన్నాళ్లూ నాకు వాడి గురించీ భయమే, ఆ పిల్లల గురించీ భయమే.

ఇదంతా నేను కళ్లారా చూసింది, చెవులారా విన్నది. చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. కుడిచేతికి కట్టు ఉన్నందున ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.