ఇసుక మీద నీడ

ఆర్మూర్ పాత బస్టాండు వెనుక సందులో ఒక ఫోటో స్టూడియో. దీపాలు పెట్టే వేళ దగ్గరపడుతోంది. గణేష్ షట్టరును సగం దాకా కిందికి గుంజి, కంప్యూటరు ముందు కూర్చున్న ఫోటోగ్రాఫర్ దయానంద్ వెనుక నిలబడ్డాడు. చెల్లెలు ప్రవళిక పెళ్లి నిలుస్తుందో పోతుందో అతనికి ఈ గదిలోనే తేలాలి.

"షట్టర్ గుంజుడెందుకన్నా? గిరాకీ వచ్చే టైము."

"గిరాకీ నేనే. ప్రవళిక అండమాన్ ఫోటోలు తియ్యి. అన్ని తియ్యి."

"ప్రీవెడ్డింగ్ ఆల్బమ్ ఇంక కాలే. పెండ్లికి ముంగట ఇస్త అన్న గద."

"పెండ్లి ఉంటె గద ఆల్బమ్! తియ్యి."

"గట్లంటవేందన్నా? ఏమైంది?"

"ఏమైందో నీకెర్క లేదా? ప్రవళిక నిన్న స్టేటస్ పెట్టింది. సముద్రం ఒడ్డుకు నిలబడి నవ్వుతున్నది. దాని కాళ్ల ముంగట ఇసుకల ఒక నీడ. నీడ చేతుల కెమెరా. గది చూసి పెండ్లి పిలగాని నాయిన గంగాకిషన్ నవీపేట్ నుంచి ఫోన్ చేసిండు."

"ఏమన్నడు?"

"'మా శ్రవణ్‌కుమార్ గాడ ఉన్నన్ని దినాలు ఎండ నెత్తి మీదికొచ్చేదాక లేవనే లేదట. మరి మీ పిల్ల చీకటితోని లేసి సముద్రం కాడికి ఎవనెంబడి పోయింది' అన్నడు. దీపాలు పెట్టేదాక టైమిచ్చిండు. జవాబు చెప్పకుంటె వరపూజల పెట్టిన ఉంగరం వాపస్ పంపుతడట."

"అది పొద్దుగూకేటప్పటి ఫోటో అని చెప్పన్నా."

"ఏమన్నవ్?"

"ఫోటోల పొద్దుపొడుపు, పొద్దుగూకుడు రెండు ఒక్క తీర్గనే ఉంటయి. ఎవలు గుర్తువడ్తరు? శ్రవణ్ లేవడని నేను ఆల్బమ్‌ల సుత సాయంత్రం ఫోటో మీదనే శుభోదయం అని రాసిన. కావాలంటె చూపిస్త."

"నాకు టోపీ పెట్టకు దయా. పిలగాడు గాడనే ఉండె గద. పొద్దు పొడిచే దిక్కు బీచు వేరే, గూకే దిక్కు బీచు వేరే అని వాడే చెప్పిండు. పొడిచే దిక్కునే నల్లరాళ్లు ఉంటయట. ఫోటోల నల్లరాళ్లు ఉన్నయి."

"లేవడు గని రాళ్లు మాత్రం మంచిగ చూసిండు."

"పరాచికాలాడకు! నీడ ఎవనిది?"

"నాదనుకో."

"అనుకో ఏంది? నీదేనా?"

"నాదంటె ఏంజేస్తవ్?"

"చెయ్యి ఇరుగుతది."

"ఆఁ. గది నీకు..."

"నాకు? నాకేంది?"

"ఏం లేదు. పక్కకు జరుగన్నా, మౌస్ తిరుగుతలేదు."

"నాకేందో చెప్పు."

"ఏమన్న అన్ననా నేను? గివి సాయంత్రం ఫోటోలు. చూడు. పిలగాడు, ప్రవళిక, ఎన్క పొద్దు. మస్తు వచ్చినయ్."

"గీ ఫోటోలల్ల దాని మొఖం మీద గంత నవ్వు లేదేంది?"

"దినమంత ఫోటోలకు నవ్వి నవ్వి దవడలు నొస్తయన్నా."

"పొద్దుగాల నొయ్యవా? పొద్దుగాల ఎవన్ని చూసి నవ్వింది? రజితను తోడు ఎందుకు పంపిన నేను? రేపు ఎవ్వడు ఏలు చూపొద్దని. నా పెండ్లాన్ని సముద్రం దాటిచ్చిన! ఇయ్యాల దాన్ని అడిగితె, పొద్దుగాల్ల తల నొస్తుండె, రూమ్‌ల పండుకున్న అంటది. ప్రవళికను అడిగితె నోట్లె నీళ్లు పోసుకున్నట్టు కూసున్నది. మీ ముగ్గురు కలిసి..."

"ముగ్గురం కలిసి ఏంజేసినమన్నా?"

"పొద్దుగాల నువ్వెక్కడున్నవ్?"

"రూమ్‌ల. రాత్రి తీసినయి లాప్‌టాప్‌ల ఎక్కిస్తుంటి."

"మరి కెమెరా?"

"కెమెరా..."

"కెమెరా ఎవని చేతుల ఉండె?"

"చెప్పొద్దన్నా. మాటిచ్చిన."

"ఎవలికి? ప్రవళికకా?"

"కాదు."

"ఒట్టేసినవా?"

"మేం ఒట్లు వెయ్యం. అవునంటె అవును, కాదంటె కాదు. మా పాస్టరు గూడ గదే చెప్తడు."

"అయితె గదే చెప్పు! గాడ మొగోడు ఉండెనా?"

"లేడు."

"నిజంగ?"

"మొగోడు లేడన్నా. ఉన్నది ఎవలో నేను చెప్ప. ఫోటో పెద్దగ జేస్త, నువ్వే చూస్కో. పొద్దు ఈపు మీద ఉంటె మన నీడ మన ముంగటనే పడ్తది, జర పక్కకు జరిగి తియ్యాలె. గది తెల్వక తీసిన ఫోటో ఇది. కొత్త చెయ్యి."

"చూస్తున్న. నల్లగ ఉంది. గంతే."

"నడుము కాడ చూడు."

"ఏముంది నడుము కాడ?"

"కొంగు దోపుకున్నది. మొగోడు కొంగు దోపుకుంటడా?"

"... రజితనా?"

"నేను చెప్పలే."

"దానికి కెమెరా పట్టుడు ఏమొస్తది!"

"మొదటి రోజు పొద్దు నీళ్లల్లకెల్లి లేస్తుంటె, 'దయా, ఒక్కసారి ఇయ్యి' అన్నది వదిన. ఎన్కకు ఇయ్యబుద్ధి కాలే ఆమెకు. ఇగ రోజు చీకటితోని వచ్చి తలుపు కొట్టి కెమెరా తీస్కపోయేది. ఎంబడి ప్రవళిక. చీర తడుస్తుంటె మీదికి గుంజుకుంట ఉరుకుతున్న వదినను చూసే నవ్వింది గట్ల."

"ఓర్నీ... పాణం లేసొచ్చింది! గింతదానికి దాచుడెందుకుర? వదినమరదళ్లు పోయిండ్రంటె ఎవలేమంటరు?"

"దాచమన్నది వదిననే. 'మీ అన్నకు ఎర్కైతె' అన్నది. గంతవరకే అన్నది."

"ఎర్కైతె ఏందట? నేనేమన్న పులినా?"

"పోయినేడు కల్లంల పసుపు ఆరబోసినప్పుడు ఫోన్‌ల ఫోటోలు తీసింది గద. పసుపు కుప్పల మీద అప్పుడే పొద్దు పడ్తుండె. స్టేటస్ పెడితె మార్కెట్ యార్డుల అందరు మెచ్చుకున్నరు. దాని తెల్లారికెల్లి ఆమె చేతుల ఫోన్ లేదు."

"గది మా ఇంటి ముచ్చట."

"నేనేమన్న అన్ననా?"

"ఆగు. ప్రవళికకు ఫోన్ చేస్తున్న. స్పీకర్‌ల పెడత. నువ్వు నోరు తెర్వకు... హలో, ప్రవళికా, ఫోన్ మీ వదినకియ్యి... రజితా?"

"ఊఁ."

"అండమాన్‌ల పొద్దుగాల ఫోటోలు తీసింది నువ్వేనా?"

"నేను కాదు."

"నీడ నీదంటుండు దయానంద్."

"కాదు. నాకు తల నొస్తుండె. పండుకున్న. నాకు కెమెరా పట్టుడే రాదు."

"ఇన్నవా దయా? ఇన్నవార? నా పెండ్లాం మీద పెట్టి తప్పించుకుంటవా? నీడ నీదే! నా చెల్లెతోని పోయింది నువ్వే!"

"కాలర్ ఇడువు! ఇడువన్నా... మోచెయ్యి చూడు! ఫోటోల ఎడమ మోచెయ్యి చూడు!"

"ఏం మోచెయ్యి?"

"కుడి చెయ్యి మంచిగ మడిసి ఒంటికి ఆనిచ్చింది. ఎడమది సగంల ఆగింది. ఇంక వంగుతలేదు. గందుకే కెమెరాను దూరంకెల్లి, లెన్సు మొన కాడ పట్టుకున్నది. గా చెయ్యి ఎవలిదో నేను చెప్పాల్నా నీకు?"

"పసుపు ఉడకబెట్టే కాడ జారిపడ్డది అది."

"నేనేమన్న అన్ననా?"

"కల్లంల. కడాయి కాడ. అందరికి ఎర్కే."

"అన్నా, లైన్‌ల ఉన్నది వదిన. ఇంటున్నది. మెల్లగ మాట్లాడు."

"... రజితా."

"ఊఁ."

"నేనేమనను. నువ్వేనని చెప్పు."

"మీ పక్కకు ఎవలున్నరు?"

"దయా ఒక్కడే. ఎందుకు?"

"నాతోని గింత మెల్లగ మాట్లాడుతుంటె, పెద్దమనుషులు ఉన్నరేమో అనుకున్న."

"గంగాకిషన్ ఉంగరం వాపస్ పంపుతనంటుండు. ప్రవళిక పెండ్లి నీ చేతుల ఉన్నది."

"పక్కనే ఏడుస్తున్నది. నేనే చెప్పొద్దన్న దానికి. నీడ నాదే."

"గా మాట ఫోన్‌ల చెప్తె వాళ్లు నమ్మరు. ప్రవళికను కాపాడెటందుకు చెప్తున్నవంటరు. కారు తెస్తున్న, నవీపేట్ పోదాం. దయా కెమెరా పట్టుకొస్తడు. వాళ్ల ఇంటోళ్ల అందరి ముంగట నువ్వు కెమెరా పట్టి చూపియ్యి. ఫోటోల చెయ్యి, నీ చెయ్యి ఒక్కటే అని కండ్లార చూస్తె ఇగ మాట్లాడరు."

"వస్త. దాని కోసం వస్త."

"సల్లగుండు. చీర మార్చుకో, నేను..."

"ఒక్క మాట."

"చెప్పు, చెప్పు."

"గాడ ఆడోళ్లు ఉంటరు. చెయ్యి చూసినంక, ఎట్లయిందమ్మ అని అడుగకుంట ఉండరు. నీడ నాదని నిజం చెప్పిన నోటితోని, జారిపడ్డనని నేను చెప్పలేను. తీస్కపోతరా?"