తాబేలుకి వారసుడు

ఎదుటి మనిషి ముఖంలో కన్నా బుట్టలోంచి తొంగిచూసే తాబేలు ముఖంలోనే ఎక్కువ ఓపిక ఉందనిపించింది, జంతువుల కేసులు మాత్రమే చూసే ఆ లాయరుకి. బుట్ట తెచ్చిన పెద్దావిడ వీలునామా రాయించడానికి వచ్చింది.

"ఇల్లు దీని పేర రాసెయ్యి బాబూ."

"కుదరదమ్మా. చట్టం దృష్టిలో తాబేలు కూడా మీ ఆస్తే. ఆస్తికి ఆస్తి రాయలేం. దీన్ని సాకుతానన్న మనిషికి రాద్దాం. మీ తమ్ముడికి?"

"వాడికి బీపీ. దీనికింకా అరవై ఏళ్ళ ఆయుష్షుంది."

"పోనీ, మేనల్లుడు?"

"కుర్రాడే. కానీ దీన్ని కూర వండితే ఎలా ఉంటుందని అడిగాడు."

"పక్కింటివాళ్ళు?"

"వాళ్ళ కుక్క మొన్న దీన్ని బంతనుకుంది."

"ఇంకెవరూ లేరా అమ్మా?"

"నేను పోతే దీనికి ఆకులు తుంచి పెట్టేదెవరన్నదే నా బెంగ. అవునూ, నీకెన్నేళ్ళు?"

"ముప్ఫై రెండు. కానీ లాయరు తను రాసిన వీలునామాలో ఆస్తి తీసుకోకూడదమ్మా."

"ఇల్లు తమ్ముడికే రాస్తాలే. నువ్వు దీన్నొక్కదాన్నీ చూసుకో. షుగరుందా?"

"లేదు."

"సిగరెట్లు?"

తాబేలు మెడ సాచి అతనికేసే చూస్తోంది. లాయరు డ్రాయరు లాగి, సిగరెట్ పెట్టె తీసి చెత్తబుట్టలో పడేశాడు.