రెండో బంతి

నవ్వొద్దు పుష్పం వదినా, నవ్వొద్దు! నువ్వు వత్రాప్‌లో మీ అమ్మ పక్కన కూర్చోని హాయిగా మామిడికాయలు తింటా ఉంటివి. ఇప్పుడు బస్సు దిగి వచ్చి నవ్వుతాండావు. ఇక్కడ నా ప్రాణం పోయి వచ్చింది, తెలుసునా?

ఎవరి వల్లనా? ఇంకెవరి వల్ల! నీ మొగుడు, నా మొగుడు!

తొంబై రెండులో మా మాధవన్ అన్నకు బ్యాంకులో ప్యూను ఉద్యోగం వచ్చె గదా, ఆనాటి నుంచి ఆయనకు బ్యాంకు టీము అంటే దేవుడు. మా ఇంటాయన కోవిల్‌పట్టి స్టేషన్లో పట్టాలు చూసే మనిషి, ఈయనకు రైల్వే టీము అంటే కన్నతల్లి. బాస్కెట్‌బాల్‌లో నిజంగా ఎవరు పెద్ద? దీనికోసరమే ఏడేండ్లుగా కొట్టుకుంటాండారు. ఒక్కనాడైనా ఆ బంతిని చేత్తో ముట్టుకున్నారా అంటే, లేదు!

"మీ వాళ్ళు ఎన్ని కప్పులు గెలిచినారు తంగరాజు బావా?" అంటాడు అన్న.

"కప్పులు లెక్కపెట్టేది టీ కొట్టోడు. మెడ్రాసులో మీ వాళ్ళను ఇరవై పాయింట్లతో తొక్కినామే, అది చెప్పు!" అంటాడు ఈయన. తొక్కినామంట! ఈయనే పోయి తొక్కినట్టు!

సరి, ఈ ఏడు మీ విరుదునగర్ టోర్నమెంటులో ఫైనలుకు వచ్చిందెవరు? బ్యాంకూ రైల్వే! మీ ఇంట్లోనే దిగితిమి. చెప్పులు విడవకముందే పందెం. ఓడిన టీము మనిషి మీసం తీసెయ్యాలంట. సాక్షి ఎవరనుకున్నావు? సెలూన్ వెళ్ళైసామి! కత్తి నూరుకోని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. పాపం ఆయన మ్యాచి చూడనే లేదు వదినా, వీళ్ళ మూతులే చూస్తా ఉన్నాడు.

నేనూ నవ్వితిని. నవ్వింది ఎంతసేపు? "బావా, నేను ఓడితే మీసం లేని మొగంతో మేనకోడల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోను. సంగవి పాప చెవులు ఇంకెవరి ఒళ్ళోనైనా కుట్టించుకోండి" అనె అన్న. దానికి ఈయన ఊరుకుంటాడా? "నేను ఓడితే ఆ పందిరి కిందికే రాను, పో!" అనె.

అయ్యో అప్పా! మేనమామ ఒళ్ళో కాకుండా బిడ్డకు చెవులు కుడతారా? నాయన లేకుండా పందిరెందుకు? పత్రికలు పంచి అయిపోయె. నాగలాపురం నుంచి మా అత్త వాళ్ళు వ్యాను కూడా మాట్లాడుకున్నారు. ఎవరు గెలిచినా నా బిడ్డ పండగ పాయె గదా!

ఆట మాత్రం... ఏమని చెప్పేది వదినా! ఒక్కొక్కడూ వాకిలిలో వంగి రావాల్సిన మనిషి, పిల్లి మాదిరి ఎగురుతాండాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో నా చెయ్యి వేగం నీకు తెలుసు గదా, వాళ్ళ చేతులు అంతకన్న వేగం! పాపను చంకలో పెట్టుకోని బెంచీ ఎక్కి అరిస్తిని. ఎవరికోసరమా? రైల్వే వేస్తే రైల్వేకు, బ్యాంకు వేస్తే బ్యాంకుకు. మా ఇంటాయన తిరిగి తిరిగి గుర్రుగా చూసె.

కడాకు డెబ్బై ఒకటి, డెబ్బై. రైల్వే ఒక పాయింటు ముందర. ఇంక మూడు సెకండ్లే. బ్యాంకు టీము చెల్లదురై బంతితో ఎగిరె, రైల్వే వాడు చెయ్యి మీద కొట్టె. ఈల! రెండు ఫ్రీ త్రోలు. అంటే, ఎవరూ అడ్డం రాకుండా నిలబడి ఒకటి తర్వాత ఒకటి రెండు బంతులు వెయ్యొచ్చు. రెండూ పడితే బ్యాంకు గెలుపు. రెండూ పోతే రైల్వే. ఒకటే పడితే సరిసమానం.

చెల్లదురై బంతి పట్టుకున్నాడు... దడదడమని వాన! మే నెలలో అంత వాన నేను చూళ్ళేదు. సిమెంటు కోర్టు చెరువైపాయె. కమిటీ వాళ్ళు చూసి చూసి, "ఇద్దరూ గెలిచినట్టే, కప్పు ఆరు నెలలు వీళ్ళకు, ఆరు నెలలు వాళ్ళకు" అని మైకులో చెప్పిరి.

నాకు ప్రాణం లేచి వచ్చె! వీళ్ళు ఒప్పుకుంటారా? "రెండూ వేసి ఉంటాడు, నువ్వు మీసం తియ్యి" అని అన్న. "వాని చేతులు వణికె, నేను చూసినాను, నువ్వు తియ్యి" అని ఈయన. ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు, ఒకరి మొగం ఒకరు చూడలేదు.

తెల్లారి ఏం జేసిరో తెలుసునా? టీములు దిగిన స్కూలుకు పోయి, ఇడ్లీ తింటా ఉన్న చెల్లదురైను పట్టుకున్నారు! "తమ్ముడూ, ఆ రెండు బంతులూ ఇప్పుడు వేసి పో" అని అరవంలో బతిమాలుతాండారు. నీ మొగుడు ఆయన చెయ్యి పట్టుకునె, నా మొగుడు ఆయన సంచి పట్టుకునె. మంచివాడు వదినా, పగలబడి నవ్వి, చెయ్యి కడుక్కోని నిన్నటి కోర్టుకే వచ్చె. రైల్వే ఆటగాళ్ళు పళ్ళు తోముకుంటానే వచ్చి నిలబడిరి. పాపను చంకలో పెట్టుకోని నేనూ వెనకనే పోతిని. వెళ్ళైసామీ వచ్చె, కత్తితో సహా!

మొదటి బంతి. రింగుకు తగలనే లేదు, నేరుగా వలలో పడె. అన్న గంతులేసె. ఈయన మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకోని నిలబడిపాయె. ఆ మొగం చూడలేకపోతిని వదినా.

రెండో బంతికి చెయ్యెత్తె. సరిగ్గా అప్పుడు పాప కెవ్వుమని ఒక్క కేక! బంతి రింగెక్కి, ఒక చుట్టు చుట్టి, బయట పడె.

"మళ్ళీ వెయ్యాల, బిడ్డ ఏడ్చింది!" అని అన్న.

"మ్యాచిలో వెయ్యిమంది అరుస్తారే, మళ్ళీ వేస్తారా?" అని ఈయన.

చెల్లదురైయే తీర్పు చెప్పె. "పోయింది పోయిందే అన్నా. డెబ్బై ఒకటి, డెబ్బై ఒకటి. ఇద్దరూ మీసాలు ఉంచుకోండి."

అంతే! బావా అని ఒకడు, బావమరిదీ అని ఒకడు, కరుచుకోని ఏడ్చిరి వదినా! వెళ్ళైసామి మాత్రం తిట్టుకుంటా పాయె. రేపు అన్న ఒళ్ళోనే పాప చెవులు కుడతాము. ఈయన పందిరికి గుంజలు పాతుతాండాడు, అద్దో చూడు.

ఆ? పాప ఎందుకు ఏడ్చిందా? చీమ కుట్టింది. అట్లనే చెప్పితిని అందరికీ.

ఏంది అట్ల చూస్తావు? అవును, అంత వాన పడిన సిమెంటు నేల మీద చీమ యాడిది? నువ్వొక్కదానివే అడిగితివి. ఆ ఇద్దరికీ ఇంతవరకూ తోచలేదు.

గిల్లితిని. నేనే. తొడ మీద, గట్టిగా. తర్వాత దానికి ముద్దులు పెట్టి పెట్టి నేనే ఏడిస్తిని. చెల్లదురై వచ్చి పాపను ఎత్తుకునె. ఎర్రగా లేచిన గుర్తు చూసె, నా మొగం చూసె. పాపను నా చేతికిచ్చి, సంచి తగిలించుకోని పాయె.

ఒక మాట చెప్తాను, నీ కడుపులోనే పెట్టుకో. ఆయన చెయ్యెత్తినప్పుడు నేను చూస్తిని. ఆ భుజం, ఆ మణికట్టు, మొదటి బంతికి ఎట్లుండెనో అట్లనే ఉండె. ఆ బంతి పడేదే వదినా. బ్యాంకే పెద్ద టీము.

పొద్దున ఈయన అడిగె. "నిజం చెప్పు మారీశ్వరీ, ఎవరు పెద్ద?" అని.

రైల్వేనే అంటిని. కాపురం చేసేది నేను గదా!