ఊదారంగు అంచు

గడియారాల కొట్టులో మామగారు తన చేత్తో కోసిన, మినపగింజంత పళ్ళచక్రానికి కోడలు ఫోటోలు తీస్తోంది. మ్యూజియంలోని పాత గడియారం బాగుచేసే పని ఆయనకు ఇవ్వాలో వద్దో మ్యూజియం వాళ్ళు ఈ ఫోటో చూసే తేలుస్తారు.

“ఫోటోలో అంచున ఊదారంగు ఇంకా పోలేదమ్మా. ఇటివ్వు, మళ్ళీ మెరుగు పెడతాను.”

“ఇప్పటికే మూడుసార్లు రుద్దారు మామయ్యా. ఇంకోసారి రుద్దితే పళ్ళన్నీ అరిగి బోసినోరవుతుంది.”

“మరక ఉన్నది పంపితే పని ఎవరిస్తారు?”

“ఒక్క నిమిషం. చక్రాన్ని సగం తిప్పి మళ్ళీ తీశాను, చూడండి. చక్రం తిరిగింది గానీ రంగు ఉన్నచోటే ఉంది.”

“అంటే?”

“మరక చక్రానిది కాదు, నా లెన్సుది. మరీ దగ్గరగా, ఫోటోలో ఓ మూలకి పెట్టి తీశాను. అలా తీస్తే లెన్సే అంచున లేని రంగు చూపిస్తుంది. కాస్త వెనక్కి జరిగి, నడిమధ్యన పెట్టి తీసి, చుట్టూ కత్తిరిస్తే సరి.”

“నీ లెన్సు తప్పుచేస్తే నా చక్రానికా శిక్ష?”

“తప్పే. ఇదిగో, ఇప్పుడు అంచు శుభ్రంగా వచ్చింది. పంపేయనా?”

“ఉండు. అంత రుద్దాక అసలు పనికొస్తుందో లేదో.”

ఆయన చక్రాన్ని పట్టకారుతో ఎత్తి, బల్ల మీది గడియారంలో కూర్చారు. ఆమె వంగి ముల్లు వైపు చూసింది.

“మామయ్యా, నడుస్తోంది.”

“వినబడుతోందిలే. ఫోటోతో పాటు ఈ టిక్‌టిక్ కూడా రికార్డు చేసి పంపు. దీనికి ఏ లెన్సూ రంగు పుయ్యలేదు.”