జూలై నెల పే స్లిప్పు

జమైకాలో స్పానిష్ టౌన్. సెప్టెంబరు మొదలు. వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచేది సోమవారం. ఇవాళ శనివారం మధ్యాహ్నం. నోర్డియా కుట్టుమిషను ముందు కూర్చుని కూతురి యూనిఫాం అంచు దింపుతోంది. ఆమె భర్త లెన్‌వర్త్ లోపలికీ రాక, బయటికీ పోక గుమ్మంలో తచ్చాడుతున్నాడు.

“అది కాదు లెన్నీ, నేనడిగింది పే స్లిప్పు. నువ్వు చెప్తున్నది ప్రింటరు సంగతి.”

“ప్రింటరు పాడైతే స్లిప్పెలా వస్తుంది మరి?”

“పోయిన వారం గుమాస్తా సెలవన్నావు.”

“సెలవే. ఆవిడొచ్చేసరికి ప్రింటరు పోయింది.”

“ఇంతకీ నువ్వు పనిచేసే గోదాము ఉందా, అదీ పోయిందా?”

“ఏం మాటలవి?”

“ఊరికే అన్నాన్లే. అలా అటూ ఇటూ తిరక్కు, వెలుతురుకి అడ్డం. ఇది చూడు, మా అక్క కూతురు మూడేళ్ళు తొడిగింది, ఇంకా రంగు పోలేదు. రెండంగుళాలు దింపితే మన టమోయాకి అతికినట్టుంటుంది.”

“కొత్తది కొందామన్నాగా. హైస్కూల్లో మొదటి రోజు. పిల్ల అంత కష్టపడి సీటు తెచ్చుకుంటే...”

“కొను మరి.”

“కొంటా.”

“ఎప్పుడు? ఎల్లుండే బడి.”

“అబ్బ, ఏం ఎండ! చూశావా?”

“ఎండకీ యూనిఫాంకీ ఏం సంబంధం? కూర్చో. బుల్లా రొట్టె ఉంది, అవకాడో కోసి పెట్టా. తిను.”

“ఆకల్లేదు.”

“పొద్దున్నా లేదు. పుస్తకాలన్నా చూశావా? కింగ్‌స్టన్ బజార్లో పాతవి పట్టుకొచ్చాం, సగం ధరకి. లెక్కల పుస్తకం నిండా ఎవరో పెన్సిల్‌తో జవాబులు రాసేశారు. పొద్దుట్నుంచీ టమోయా రబ్బరుతో చెరుపుతూనే ఉంది. సగం తప్పులేనట!”

“నవ్వించకు.”

“నవ్వచ్చులే. నవ్వుకి పన్నేం వెయ్యలేదు.”

“పన్ను మాటెత్తకు! పదమూడేళ్ళు, నోర్డీ. పదమూడేళ్ళు ప్రతి జీతంలోనూ ఎడ్యుకేషన్ టాక్సని కోశారు. తీరా నా కూతురి దగ్గరికొచ్చేసరికి ఎవరో వాడి పారేసిన పుస్తకాలా? అదంతా ఎవరి చదువుకి పోయినట్టు?”

“నేనూ అదే అంటున్నా. బడిలో సాయం నిధి ఉందట. మిగిలిన పుస్తకాలిస్తారు, మధ్యాహ్నం భోజనం పెడతారు. దరఖాస్తుతో పాటు తండ్రి పే స్లిప్పు ఇమ్మన్నారు. సోమవారమే ఆఖరు.”

“చెయ్యి చాపాల్సిన గతి మనకి...”

“చెయ్యి చాపడమేంటి? నువ్వు కట్టిందే తిరిగొస్తోందనుకో.”

“జూన్ నెలది ఇస్తే?”

“జూలైదే కావాలట.”

“జూలైలో... జూలైలో టాక్సు కొయ్యలేదు.”

“అబ్బో! ఎంత మంచివాళ్ళో. ఎందుకనో?”

“ఎందుకో ఒకందుకు.”

“ఎడ్యుకేషన్ టాక్సు కొయ్యకుండా వదిలేస్తారా ఎవరినైనా?”

“వదిలేస్తారు.”

“ఎవరిని?”

“కొయ్యడానికి జీతం ఉండాలి కదే.”

కుట్టుమిషను చక్రం ఆగింది.

“మిషనెందుకు ఆపావు? ఏదో ఒకటను. తిట్టు. జూలై రెండున పద్నాలుగు మందిని పంపేశారు. అందులో నేనొకణ్ణి. రోజూ చొక్కా ఇస్త్రీ చేసి చేతికిచ్చేదానివి, ఎలా చెప్పను? రెండు వారాలు గుమ్మం గుమ్మం ఎక్కి దిగాను. ఆ తర్వాత ఓపిక లేక బస్టాండులో కూర్చుని, పొద్దుగూకాక ఇంటికొచ్చేవాణ్ణి. టమోయాకి తెలియకూడదని...”

“చూశాం, లెన్నీ.”

“ఏంటి?”

“పుస్తకాలకెళ్ళిన రోజు. బస్టాండులో, చివరి బల్ల మీద. నేనూ, అదీ.”

“అదీనా? మరి నాతో ఒక్క ముక్క అనలేదే!”

“పిలవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. ‘నాన్నే చెప్తాడులే’ అంది.”

“తెలిసీ స్లిప్పు స్లిప్పని ఇన్నాళ్ళూ ప్రాణం తీశావా?”

“ఇవాళైనా చెప్తావేమోనని. ఇదిగో దరఖాస్తు. అదే నింపింది. స్లిప్పు లేకపోతే తండ్రి సంతకం చాలట. చదివి సంతకం పెట్టు.”

“కళ్ళు... సరిగ్గా కనపడట్లేదు. ‘తండ్రి చేసే పని’ ఎదురుగా ఏం రాసింది?”

“‘ప్రస్తుతం ఉద్యోగం లేదు. రోజూ పొద్దున్నే వెతకడానికి వెళ్తాడు.’”